మొదటి గుండు పేలుతుంది

కిష్టయ్య భుజం మీది రెండు హోదా పట్టీలు ఊడిపోవడానికి కారణం బొటనవేలంత ఇనుప బిరడా. నిజానికి బిరడా ఏం చేసింది పాపం! దాన్ని తలకిందులుగా బిగించి, ఆ తప్పును ఆయన నెత్తిన రుద్దినవాడు ఒక కాప్టెన్.

అది 1981. కిష్టయ్య భారత సైన్యంలో ఆర్మరర్, అంటే తుపాకులు బాగుచేసే మనిషి. అప్పట్లో జవాన్ల చేతుల్లో ఉండేది ఎస్ఎల్ఆర్ రైఫిల్. ట్రిగ్గర్ నొక్కితే ఒక గుండు పేలుతుంది. ఆ పేలుడులో పుట్టిన గ్యాసే కొంత వెనక్కి మళ్ళి, ఖాళీ తొడుగును బయటికి విసిరి, కొత్త తూటాను లోపలికి ఎక్కిస్తుంది. ఆ గ్యాస్ దారికి ముందు వైపున ఉండే బిరడాయే గ్యాస్ ప్లగ్. రైఫిల్ మూతికి గ్రెనేడ్ తగిలించి విసరాల్సి వస్తే ప్లగ్‌ను తిరగేస్తారు. అప్పుడు గ్యాస్ వెనక్కి రాకుండా బలమంతా ముందుకే పోతుంది. ఎంత తెలివి చూడండి! కానీ తుడిచి బిగించేటప్పుడు పొరపాటున తిరగేశారో, రైఫిల్ ఒక్క గుండుతో ఆగిపోతుంది.

ఆ కాప్టెన్ చేసింది అదే. తన రైఫిల్ తానే తుడుచుకున్నాడు, తానే బిగించుకున్నాడు, జనరల్ ముందు కాల్చాడు. మొదటిది పేలింది. రెండోది పేలలేదు. ఆర్మరర్ సరిగా బాగుచేయలేదన్నాడు. విచారణలో కిష్టయ్య ప్లగ్ సంగతి చెబితే, కాప్టెన్ నవ్వాడట: "గ్యాస్ మూసుకుంటే మొదటిది మాత్రం ఎలా పేలుతుంది?" బల్ల వెనక కూర్చున్న ముగ్గురు అధికారులూ తలలూపారు. అప్పటికే రైఫిల్ విప్పేసి ముక్కలు పెట్టెలో పడేశారు. రుజువు లేదు. పట్టీలు పోయాయి.

2007లో నేను విదేశంలో, న్యూ లిన్ అనే ఊళ్ళో, పెట్రోల్ బంకులో పనిచేసేవాణ్ణి. కూతురి దగ్గరికి వచ్చిన కిష్టయ్య, ఊరికే కూర్చోలేక, ఎదుటి కూరగాయల కొట్లో ఉల్లిపాయలు ఏరేవారు. ఖరీదైన ఫ్లాట్ బుష్‌లో ఇళ్ళు కొనుక్కున్న మనవాళ్ళు కారు దిగి "ఉల్లిపాయల అంకుల్" అని పిలిచి, ఆయన ముందే నవ్వుకునేవారు. ఆ తలకాయల్లో ఒక్కదానికీ ఆయన చేతులకు ఏం తెలుసో తెలియదు. నాకూ తెలియదు, లైబ్రరీలో ఆయన ఒక పాత తుపాకుల పుస్తకం నా ముందు పెట్టి, బొమ్మ కింద ఏం రాశారో చదవమని, తన పట్టీల కథ చెప్పేదాకా.

"అంకుల్, ఈ ఎస్ఎల్ఆర్ ఇక్కడి సైన్యం కూడా వాడిందట!"

"గట్లనా!" ఆయన కళ్ళు మెరిశాయి. "ఒక్కసారి బిడ్డా. ప్లగ్ తిప్పి, కాల్చి, నా కండ్లతోని సూడాలె. ఇరవై ఆరేండ్లసంది గదే కోరిక. నేనే మర్చిపోయి అబద్ధమాడిన్నా అనిపిస్తది ఒక్కోసారి."

ఆ నెలలోనే లైబ్రరీ గోడ మీద కాగితం కనిపించింది. ఊరవతల రైఫిల్ క్లబ్బు, ఆదివారం, ఎవరైనా రావచ్చు, పాత సైనిక రైఫిళ్ళ ప్రదర్శన. నా పాత కారులో ఎగురుకుంటూ వెళ్ళాం!

నిక్కరు, మోకాళ్ళదాకా మేజోళ్ళు వేసుకున్న డగ్లస్ అనే పెద్దాయన ఎస్ఎల్ఆర్ గురిపెట్టి బోర్లా పడుకున్నాడు. ధన్! జనం చప్పట్లు. మళ్ళీ నొక్కాడు. ఏమీ లేదు. ఎడమ పక్క పిడి లాగి ఖాళీ తొడుగు తీశాడు. ధన్! మళ్ళీ అదే. జనం నవ్వారు.

"స్ప్రింగ్ పోయింది, మేట్స్. ముసలిదైపోయింది, నాలాగే." తూటాలు తీసేసి, పెట్టె తెరిచాడు.

కిష్టయ్య నా మణికట్టు నొక్కేశారు. "ఆపు బిడ్డా, ఆపు! పెట్టెల పెట్టనియ్యకు! స్ప్రింగ్ గాదు, గదే!"

నేను అరిచేశాను. డగ్లస్ తల తిప్పాడు.

"లైసెన్స్ ఉందా?"

"లేదు సర్," అన్నాను.

"అయితే ఆ తెల్ల గీత దాటొద్దు."

కిష్టయ్య చేతులు వెనక్కి కట్టుకుని, గీత మీద బూట్లు ఆనించి, అటెన్షన్‌లో నిలబడ్డారు. "నేను ముట్ట సర్. మీరే ముట్టున్రి. నిన్న సాఫ్ చేసిన్రా?"

నేను ఇంగ్లీషులో చెప్పాను. చేశానన్నాడు డగ్లస్. వంటింటి బల్ల మీద, భార్య భోజనానికి కేకలు వేస్తుంటే, హడావుడిగా.

"గ్యాస్ ప్లగ్ సర్. ఉల్టా."

డగ్లస్ కళ్ళద్దాలు పెట్టుకుని వంగి చూశాడు. పైకి లేచేసరికి మొహం ఎర్రబడింది. తిడతాడనుకున్నాను. రైఫిల్ ముందు భాగం అందరికీ చూపిస్తూ గట్టిగా నవ్వాడు. "నేనే! తలకిందులు పెట్టాను! నా తప్పే, రైఫిల్‌ది కాదు!"

ప్లగ్ తిప్పాడు. ధన్! ధన్! ధన్! ధన్! ధన్! అయిదు తొడుగులు ఎండలో మెరుస్తూ ఎగిరాయి. నేను గంతులేశాను. కిష్టయ్య మాత్రం కదల్లేదు.

"ఇంకోపారి తిరగేసి కాల్చమను బిడ్డా. ఒక్కటే."

బాగైనదాన్ని మళ్ళీ చెడగొట్టమంటాడేమిటని డగ్లస్ వింతగా చూశాడు. నేను పట్టీల కథ రెండు ముక్కల్లో చెప్పాను. డగ్లస్ వెంటనే ప్లగ్ తిరగేసి, రెండు తూటాలు పెట్టి, పడుకున్నాడు.

ధన్! మళ్ళీ నొక్కాడు. రెండోది పేలలేదు.

"పేలింది!" కిష్టయ్య నా భుజం మీద దబదబా బాదారు. "సూసినవా? మొదటిది పేలింది! పేలింది గద! నేను అబద్ధం ఆడలే!" ఏభై ఏడేళ్ళ మనిషి, గీత మాత్రం దాటకుండా, ఉన్నచోటే ఎగిరారు.

డగ్లస్ వచ్చి ఆ ఖాళీ తొడుగును ఆయన అరచేతిలో పెట్టాడు. ఇంకా వెచ్చగా ఉందట.

మరుసటి ఏడాది నాకు దూరాన ఉన్న జాన్సన్‌విల్‌లో పని దొరికింది. బస్సు ఎక్కించడానికి ఆయన వచ్చారు, జేబులో చిల్లరతో కలిసి ఆ తొడుగు గలగలమంటుండగా. మీ కథ రాస్తాను, ఆ కాప్టెన్ పేరు పెద్ద అక్షరాల్లో పెడతాను, పరువు తీస్తాను అన్నాను. ఆయన నా సంచి పైకి అందించి అన్నారు:

"పేరెందుకు బిడ్డా? ముసలోడయి ఉంటడు, మనుమలు సదువుతరు. ప్లగ్ తిరగేస్తే మొదటి గుండు పేలుతది, రెండోది చేత్తోని ఎక్కియ్యాలె. గది మాత్రం తప్పు లేకుంట రాయి."