తీరం దాటడం

జార్జి టౌన్‌లోని మా అత్తవారింట్లో కార్తీక, మార్గశిర మాసాల్లో పేపరు రాగానే ముందుగా చదవాల్సింది వాతావరణం. మంత్రులు ఏమన్నారు, ఎక్కడ ఏ రైలు పడిపోయింది అన్నవన్నీ తర్వాత. చదివేదాన్ని నేను, వినేది మా మామగారు. ఆయన హార్బరులో కూండు ఎగరేసే ఉద్యోగం చేశారు. తుఫాను హెచ్చరిక వస్తే ఎత్తయిన గడకు కట్టి పైకి లాగే బుట్టల్లాంటి గుర్తులుంటాయి, వాటిని మద్రాసులో అందరూ కూండు అనే అంటారు. ముప్పై ఏళ్లు ఆ తాళ్లు లాగి రిటైరయ్యేసరికి ఆయన రెండు కళ్లకూ పొర కమ్మింది. చూపు పోయినా సముద్రం మీద బెంగ మాత్రం పోలేదు.

నేను నెల్లూరు పక్క నుంచి వచ్చిన కోడల్ని. ఎస్.ఎస్.ఎల్.సి. ప్యాసయ్యాను. ఆ ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగింది నేనొక్కదాన్నే. మా ఆయనకు తమిళం, తెలుగు ధారాళంగా వచ్చు కానీ ఇంగ్లీషు దగ్గర బండి ఆగిపోయేది. అంచేత పొద్దున్నే కాఫీ గ్లాసులు కడగడం మానేసి కుర్చీలో కూర్చుని పేపరు విప్పే హక్కు నాకు వచ్చింది. దాని మీద నాకు చాలా గర్వంగా ఉండేది. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

మామగారికి ఒక పద్ధతి ఉండేది. ముందు ఇంగ్లీషులో చదవాలి, ఆ తర్వాతే తెలుగులో చెప్పాలి. "ఆడ లేని మాట ఈడ చేర్చొద్దమ్మా. ఆడుండే మాట ఈడ వదలొద్దు," అనేవారు. ఆయనకు ఇంగ్లీషు చదవడం రాకపోయినా దొరల దగ్గర విని విని గాలికీ నీళ్లకీ సంబంధించిన మాటలన్నీ తెలుసు. నేను 'డిప్రెషన్' అని చదివి తెలుగు మాట కోసం తడుముకుంటుంటే, "వాయుగుండం అను," అని అందించేవారు.

మా బావగారు, అంటే మా ఆయన అన్న, కట్టెల పడవల వ్యాపారం చేసేవారు. శ్రీహరికోట నుంచి సర్వి కట్టెలు, అంటే సరుగుడు కట్టెలు, పడవలకెత్తించి బకింగ్‌హాం కాలవ మీద మద్రాసుకు తెచ్చేవారు. కాలవకు రెండు పక్కలా గట్లున్నంతసేపు భయం లేదు. కొంతదూరం అది పులికాట్ చెరువులోంచి పోతుంది. అక్కడ చుట్టూ నీళ్లే తప్ప గట్టు ఉండదు. గాలి తిరిగితే పడవ చెప్పిన మాట వినదు. అందుకే చలికాలంలో ఆయన ఆకాశం చూసి, నలుగుర్ని అడిగి, అప్పుడు బయలుదేరేవారు. ఆయన భార్యను నేను అక్కా అని పిలిచేదాన్ని. ఆమెకు అక్షరం ముక్క రాదు. నన్ను మాత్రం సొంత చెల్లెల్లా చూసుకునేది.

ఆ ఇంట్లో నాకది మొదటి చలికాలం. మార్గశిరంలో మామగారికి కంటి ఆపరేషన్ చేశారు. రెండు కళ్లకూ కట్టు కట్టి, వారం రోజులు తల కదపకుండా పడుకోవాలన్నారు. మా ఆయన సాయానికి ఆసుపత్రిలోనే ఉండిపోయారు. ఇంట్లో అక్కా నేనూ మిగిలాం.

ఒకరోజు పొద్దున పెరంబూరు రైలు వర్క్‌షాపులో పనిచేసే ఒకతను వచ్చాడు. అతనిది శ్రీహరికోట పక్కనుండే సూళ్లూరుపేట. రోజూ రైల్లో వచ్చిపోతాడు. కట్టెల కోసం శ్రీహరికోట వెళ్లిన బావగారు అతని చేత కబురు పంపారు.

"పడవ నిండింది. మబ్బు చూస్తే మనసొప్పటంలేదంట. పేపర్లో ఏం పడిందో కనుక్కుని రమ్మన్నాడు. రేపు పడవ వదలొచ్చునా, ఇంకా ఆగాల్నా? సాయంకాలం బండికి పొయ్యి చెప్తా," అన్నాడు.

నేను పేపరు విప్పాను. తుఫాను మద్రాసుకూ నెల్లూరుకూ మధ్య రేపు 'క్రాస్ ది కోస్ట్' అవుతుందని ఉంది. ఆ మాట అంతకుముందు ఎప్పుడూ నాకు తగల్లేదు. అయినా కష్టమైన మాట కాదు కదా. క్రాస్ అంటే దాటడం, కోస్ట్ అంటే తీరం.

"రేపు తీరం దాటుతుందంటక్కా," అన్నాను.

"దాటిపోతుందా?"

"అవునక్కా, దాటిపోతుంది."

మన భాషలో దాటిందంటే గండం గడిచిందనే కదా అర్థం. రైలు స్టేషను దాటింది అంటే ఇక మన ముందు లేదనే. తుఫాను కూడా అలా మన పక్కనుంచి ఎటో వెళ్లిపోతుందనుకున్నాను. ఒక్క క్షణం కూడా అనుమానం రాలేదు. అక్క మాత్రం కొంచెం తటపటాయించింది.

"ఒకసారి బీచి దాకా పొయ్యి కూండు చూసొద్దామా పాపా? మామ ఉంటే అదే చెప్పుండేవాడు."

"పేపర్లో ఇంత స్పష్టంగా అచ్చు వేసుంటే ఆ బుట్టలు చూసేదెందుకక్కా?" అన్నాను. ఆ మాట నేనే అన్నాను. దాన్ని ఎవరి మీదకీ నెట్టలేను.

అక్క వచ్చినతనితో, "రేపటికి దాటిపోతుందంట. రేపు బయలుదేరి రమ్మని చెప్పన్నా," అంది. ఆమె ముఖం విప్పారింది. అతనికి మజ్జిగ ఇచ్చి పంపింది.

మర్నాడు పొద్దున్నే గాలి లేచింది. పది గంటలకల్లా వీధిలో చేతిబళ్లు లేవు, మనుషులు లేరు. మా దొడ్డి రేకులు ఒకటొకటిగా ఊడిపోయాయి. దాటిపోవాల్సిన తుఫాను ఇంకా ఎందుకు పోలేదని నేను తలుపు గడియ పట్టుకుని నిలబడి పిచ్చిదానిలా ఆలోచిస్తున్నాను. సాయంత్రం గాలి కాస్త తగ్గాక మా ఆయన తడిసి ముద్దయి ఇంటికి వచ్చారు.

"నాయన మంచం మీదనే ఉండి అన్నీ చెప్తా ఉండాడు," అన్నారు తల తుడుచుకుంటూ. "మద్యానం గాలి ఇంటానే, ఇదో ఇప్పుడు తీరం దాటతా ఉండాది అన్నాడు. దాటేదంటే ఏంది నాయనా అంటే, సముద్రంలోంచి నేల మీదికి ఎక్కేది రా అన్నాడు. అదే అన్నిటికన్నా చెడ్డ గడియంట."

ఆయనకు కబురు సంగతేమీ తెలియదు. అక్క చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. ఆమె నా వైపు చూసింది. తిట్టి ఉంటే బాగుండేది. చూసి, పొయ్యి ఆర్పేసి, వెళ్లి దేవుడి దగ్గర కూర్చుంది.

రైళ్లు రెండు రోజులు నడవలేదు. మూడో రోజు కబురు వచ్చింది. పడవ చెరువు మధ్యలో ఉండగా తిరగబడింది. పడవవాళ్లిద్దరూ కట్టెలు పట్టుకుని ఒడ్డుకు కొట్టుకొచ్చారు. బావగారు రాలేదు. నాలుగో రోజున బురదలో దొరికారు.

మామగారికి కట్టు విప్పిన రోజే సంగతి చెప్పాల్సి వచ్చింది. కొత్తగా వచ్చిన చూపుతో ఆయన మొదట చూసింది ఇంట్లో కొడుకు దినాలు. పెద్దదినం నాడు చుట్టాలందరి ముందూ బావగారి మేనమామ అడిగాడు. "అంత గాలిలో బయలుదేరమని వాడికి చెప్పిందెవరు?"

నేను గడప పక్కనే ఉన్నాను. పెళ్లయి ఏడాది తిరగలేదు. ఇలాంటి మాట మీద పడ్డ కోడలికి పుట్టిల్లే గతి. నోరు తెరవాలనుకున్నాను.

"నేనే," అంది అక్క. "నేనే రమ్మన్నా. నాకు చదువు రాదు. ఆ పాప చెప్పింది ఒకటి, నేను విన్నది ఒకటి."

మామగారు తల ఎత్తలేదు. ఏ మాట ఎలా చెప్పి ఉంటానో ఆయనకు తెలియకుండా ఉంటుందా? "పోనీలేమ్మా, లే," అన్నారు. ఎవరితో అన్నారో ఇప్పటికీ నాకు తెలియదు. నేను పిరికిదాన్ని. అంతమందిలో నిలబడి ఆమెను అబద్ధమాడనిచ్చాను.

పదకొండేళ్లు ఆ మాట నాలో కుళ్లింది. చివరికి ఒక మధ్యాహ్నం ఇద్దరం బియ్యం ఏరుతుండగా చెప్పేశాను. "అక్కా, ఆరోజు నువ్వు తప్పు వినలేదు. నేనే తప్పు చెప్పినాను. దాటిపోతుందని నా నోటితోనే అన్నాను."

ఆమె చేట పక్కన పెట్టలేదు. రాళ్లు ఏరుతూనే ఉంది.

"తెలుసు పాపా. నువ్వు ముందు దాటుతుందనే అన్నావు. పోతుంది అనేది నేను చేర్చినా. ఆయన ఇల్లొదిలి పదైదు దినాలయిండె. నువ్వు కాదని ఉన్నా ఇంకో తూరి అడిగుంటా. నువ్వు అవునని చెప్పేదాకా అడిగుంటా."