మా ఇంటి పంట

మా నాన్న సంజీవరావు ఏం పని చేస్తాడని ఎవరైనా అడిగితే, ఏ నెలలో అని తిరిగి అడగాల్సి వచ్చేది. ఎండలు ముదిరే నెలల్లో దుగ్గిరాల పసుపు యార్డులో గోతాల మీద రేకు అచ్చులు పెట్టి నల్లసిరాతో మార్కులు వేసేవాడు. అప్పుడు ఆయన చొక్కా మడతల్లోంచే కాదు, కనురెప్పల్లోంచి కూడా పసుపు రాలేది. వానాకాలంలో రేపల్లెలో మా వరండాలో కూర్చుని రేడియోలు విప్పేవాడు. మధ్యలో హార్మోనియం తిత్తులు బాగుచేసేవాడు. పెళ్లిళ్ల రోజులొస్తే తెనాలి, బాపట్ల తిరిగి ఫొటోలు తీసేవాడు.

ఇవి పనులు. ఇష్టాలు వేరే. నూనె డబ్బాల్లో డేలియాలు పెంచేవాడు. తెనాలి బండి కిటికీలోంచి చూసిన పిట్టల పేర్లు నోటుబుక్కులో రాసుకునేవాడు. పేరు తెలియని వాటికి తనే పేరు పెట్టేవాడు. సిగ్నల్ దగ్గర బండి ఆగినప్పుడల్లా తీగ మీద కనిపించే నల్ల పిట్టకి ‘ఆలస్యం పిట్ట’ అని పేరు.

“ఒక్క పని పట్టుకోవయ్యా అల్లుడూ, కాలు నిలవదేంటి నీకు?” అనేది మా అమ్మమ్మ సుందరమ్మ.

“ఒక్కదాన్నే పట్టుకుంటే మిగతావి అలుగుతాయత్తయ్యా,” అనేవాడు.

1988 ఫిబ్రవరిలో, మా గుడిలో, అంటే మా చర్చిలో, కోత పండుగ జరిగింది. నాకప్పుడు పదకొండేళ్లు. పొలం ఉన్నవాళ్లు తొలి పంటలో కొంత తెచ్చి పీఠం ముందు పరిచిన చాప మీద పెడతారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. చాప మీద పెట్టింది దేవుడిది. పెట్టినవాళ్లకి మళ్లీ కావాలన్నా అందరితోపాటు పాడుకోవాల్సిందే. గొంతు బాగుంటుందని ఏటా వేలం మా నాన్నే వేసేవాడు. ఆరాధనలో పాట మొదలుపెట్టేదీ ఆయనే, ఫొటో తీసేదీ ఆయనే.

ఆ కెమెరా సెకండ్‌హ్యాండ్‌ది. మూడేళ్లు యార్డులో పనిచేసి కొన్నాడు. మర్నాడు బాపట్లలో దశరథరామయ్య గారమ్మాయి పెళ్లికి ఫొటోలు తీస్తానని ఒప్పుకుని ఉన్నాడు.

“జాగ్రత్తమ్మా చిట్టీ,” అని కెమెరాని నా మెడలో వేసి, పాట అందుకోవడానికి హార్మోనియం దగ్గరికి వెళ్లాడు. నేను పిల్లల వరుసలో నిలబడ్డాను. నా చేతిలో నాలుగు డేలియాలు, అప్పటికే తలలు వాల్చేశాయి. ముందున్న వరమ్మ గుమ్మడికాయ మొయ్యలేక మోస్తూ వెనక్కి తిరిగింది.

“పూలేనా? మీకు పొలం లేదుగా, మీరింకేం తెస్తార్లే.”

నా వంతు వచ్చింది. పూలు పెట్టాను. వాటి పక్కన మెడలోంచి కెమెరా తీసి అదీ పెట్టాను. మా ఇంట్లో అంతకంటే మంచిది ఇంకేదీ లేదు.

గుమ్మడికాయల వేలంపాట అయింది, కోడిపుంజు పాట అయింది. నాన్న వంగి తర్వాతి కానుక అందుకున్నాడు. చేతికి తోలుపట్టీ తగిలింది. కెమెరాని రెండు చేతులా పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

పాస్టరు అయ్యగారు దగ్గరికొచ్చి మెల్లగా అన్నారు. “పొరపాటున పెట్టారేమో చెప్పండి సంజీవరావు గారూ. పక్కన పెట్టేద్దాం.”

అవునండి అంటే చాలు, కెమెరా ఇంటికొస్తుంది. కానీ అది నా మెడలో ఉండగా అందరూ చూశారు. అవునన్న మరుక్షణం గుడిలోని మొహాలన్నీ నావైపు తిరుగుతాయి. నాన్న నన్ను చూశాడు. ఆ చూపులో కోపం కోసం వెతికాను. దొరకలేదు.

“లేదండి అయ్యగారూ. అందరూ వాళ్ల పొలంలోది తెచ్చారు. మా ఇంటి పంట ఇదేనండి.”

ఎవరూ పాడలేదు. రైల్వేలో పార్శిల్ గుమాస్తాగా చేసి రిటైరైన జార్జి గారే చివరికి గొంతు సవరించుకున్నారు. “ఏంటయ్యా, గుమ్మడికాయకి అన్ని గొప్పలు చెప్పావు. దీనికి నోరు పెగలదేంటి?”

“మంచి కెమెరానండి. నవ్వేవాళ్లని బాగా తీస్తుంది. మబ్బు పడితే మొండికేస్తుంది. వెనక మూత వదులు, రబ్బరు బ్యాండు వేసుకోవాలి.”

“కొనేవాళ్లని తరుముతున్నావు గదయ్యా!”

అందరూ నవ్వారు. జార్జి గారే పాడుకున్నారు. ఒకటోసారి, రెండోసారి అన్నప్పుడు నాన్న గొంతు గుమ్మడికాయలకి ఎలా ఉందో అలాగే ఉంది. మూడోసారికి ముందు మాత్రం చిన్న దగ్గు వచ్చింది.

గుడి గేటు దాటగానే మా అమ్మ దేవకుమారి అందుకుంది. “మతుండే చేశారా? రేపు బాపట్లలో దేంతో తీస్తారు, కళ్లతోనా?”

“తెనాలిలో చలపతిరావు స్టూడియో ఉందిగా.”

“ఆయన ఊరికే ఇస్తాడా?”

“ఇవ్వడు. ఆల్బం మీద తన పేరేసుకుంటాడు. వేసుకోనీ.”

జార్జి గారికి ఫొటో తీయడం రాదు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం నాన్న దగ్గర నేర్చుకోవడానికి వచ్చేవారు. ఫొటోలు తీసేవాడికి సొంత ఫొటోలు ఉండవు కదా. 1998లో నాన్న పోయాక మేం పెద్దది చేయించుకున్న బొమ్మ జార్జి గారు ఆ కెమెరాతో తీసిందే. డేలియా డబ్బా పట్టుకుని, ఏదో అనబోతూ నాన్న నవ్వుతుంటాడు. మూలన జార్జి గారి బొటనవేలు అడ్డొచ్చింది. దాన్ని కత్తిరించనివ్వలేదు అమ్మ.

పండుగ రోజు సాయంత్రం నాన్న డేలియాలకి నీళ్లు పోస్తుంటే వెళ్లి చెప్పాను. “పొరపాటున కాదు నాన్నా. కావాలనే పెట్టాను.”

“తెలుసమ్మా. దేనికి?”

“మనకి పొలం లేదని వరమ్మ అంది.”

చెంబులో నీళ్లయిపోయినా వంచే ఉంచాడు. “రేపు బడి మానెయ్. నాతో బాపట్ల రా,” అన్నాడు.

తెనాలిలో దిగి చలపతిరావు గారి కెమెరా తీసుకుని బాపట్ల బండెక్కాం. దిగాక నాన్న నేరుగా పెళ్లివారింటికి వెళ్లలేదు. ఊరి బయట, కొత్త వరి రకాలు పరీక్షించే మళ్ల దగ్గరికి తీసుకెళ్లాడు. చాపంత చాపంత మళ్లు, వాటిలో అప్పుడే నాటిన పైరు. ప్రతి మడి ముందూ ఒక పుల్ల, పుల్లకి తెల్ల రేకు, రేకు మీద నల్లటి అక్షరాలు, అంకెలు. చివర్న తోక కాస్త పైకి లేచే ఆ రాత నాకు తెలుసు. నా పుస్తకాల అట్టల మీద ఉండేది అదే.

“ఏటా నేనే రాస్తాను. ఈ రేకు లేకపోతే ఏ పైరు ఏదో పెద్ద సార్లకి కూడా తెలియదు,” అన్నాడు.

గాలికి రేకులన్నీ సన్నగా చప్పుడు చేశాయి. ఆ చప్పుడు మధ్య ముందురోజు సిగ్గు నాలో ఎక్కడుందో వెతికినా కనిపించలేదు. దాన్ని తీసేసినందుకు ఇంతవరకూ ఆయనకి థాంక్స్ చెప్పలేదు. ఇదిగో, ఇప్పుడు చెప్తున్నాను.

నాన్న గట్టు మీద గొంతుక్కూర్చుని, ఒక రేకు మీద ఎండిన బురదని జేబురుమాలుతో తుడవడం మొదలుపెట్టాడు.

“ముహూర్తం టైమవుతోంది నాన్నా.”

“ఉండమ్మా, ఈ ఒక్కటీ,” అని, అది అయ్యాక పక్క మడి దగ్గరికి జరిగాడు.