దాచకుండా వాడేసిన ముక్క

మా ఊరు పద్మనాభం వైపు నారు పోసేటప్పుడు కూడా కాసిన్ని విత్తనాలు వెనక్కి తీసి ఉంచుతారు. రైతు కూతురినై ఉండీ నాకు ఆ బుద్ధి లేకపోయింది.

సీతమ్మధారలో ఒక ఆసుపత్రి నుంచి మా ల్యాబుకి కిడ్నీ కణితి ముక్క వచ్చింది. చింతగింజంత. అరుదైన రకం క్యాన్సర్, దానికి ఏ మందు పనిచేస్తుందో చెప్పేవాళ్ళు లేరు. ఆ కణాల్ని ల్యాబులో బతికించి, తరాలుగా పెంచగలిగితే వాటి మీద మందులు పరీక్షించొచ్చు. అదే నా ఉద్యోగం. వచ్చిన ముక్కలో కొంత ఫ్రీజర్లో దాచాలన్నది మా పద్ధతి. ఉన్నదే ఇంత, ఇందులో దాచేదేమిటని మొత్తం పెంచడానికే పెట్టేశాను. ఎవరినీ అడగలేదు. నాకు తొందరెక్కువ, పొగరు కూడా.

ఆ రోగి సముద్రం మీద వేటకెళ్ళే మనిషి. భార్య పూర్ణా మార్కెట్లో చేపలమ్ముతుంది. ముక్క వాడుకోవడానికి వాళ్ళ దగ్గర సంతకం తీసుకున్నది నేనే కాబట్టి, ఆవిడ ప్రతి శుక్రవారం ఖాళీ గంపతో మా గేటు దగ్గరికొచ్చి నన్నే పిలిపించేది.

"ఏటమ్మా, బతికున్నాయా?"

మూడో వారానికి పళ్ళెం నిండా కణాలు. అవేం కణాలో పరీక్ష చేసి తేల్చకుండా బయట నోరు విప్పకూడదు. విప్పాను.

"పెరుగుతున్నాయి పిన్నీ."

మొగుడి క్యాన్సర్ ఏపుగా పెరుగుతోందని విని చేతులెత్తి దండం పెట్టింది. మర్నాడు కోనాం చేప ముక్కలు తెచ్చిచ్చింది. సంబరంగా తిన్నాను.

తరువాత పరీక్షలో తేలింది. అవి క్యాన్సర్ కణాలు కావు. ముక్కలో కలిసి వచ్చిన మామూలు కణాలే కలుపులా అల్లుకుపోయాయి, అసలువి చచ్చిపోయాయి. మళ్ళీ మొదలుపెట్టడానికి ముక్క లేదు. ఆయనకి జబ్బు అప్పటికే ఊపిరితిత్తులకి పాకింది, ఇంక కొయ్యలేమన్నారు డాక్టర్లు. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆ శుక్రవారం సెలవు పెడదామనుకున్నాను. పెట్టలేదు. గేటు దగ్గర నిలబడి అంతా చెప్పాను, తప్పు నాదేనని కూడా చెప్పాను. చెబుతుంటే ఏడుపొచ్చింది. ఆవిడకి అందులో ఒక్క మాటే అందింది.

"జబ్బువి సచ్చిపోయి మంచివి బతికాయా? మరి మంచిదే గదమ్మా, ఏటలా ఏడుత్తన్నావ్?" గంప కింద పెట్టి నా చెయ్యి పట్టుకుంది. "నువ్వేసిన మందేటో ఆయనకీ ఏసియ్యమ్మా."

చెయ్యి వదిలించుకోలేదు. మళ్ళీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాను.