గవాచి కింద ఎస్తేరమ్మ

పెనుకొండ పక్కనున్న ఆ ఊళ్లో ఎవరు బాతు గుడ్లు పొదగేసినా, వారం తిరగ్గానే వాటిని ఎస్తేరమ్మ ఇంటికి తీసుకొస్తారు. ఇంట్లో టార్చిలైటు ఉన్నా ఆమె దాన్ని ముట్టదు. తలుపు మూసి, వెలుతురు కోసం మట్టిమిద్దెకు పెట్టిన గవాచి మూత తీయించి, పైనుంచి దిగే ఎండలో గుడ్డును మూడు వేళ్ల మీద నిలబెట్టి, ఒక కన్ను మూసి చూస్తుంది. లోపల ఎర్రటి నరాలు సాలీడు కాళ్లలా పరుచుకుని ఉంటే మళ్లీ గంపలోకి. ఏమీ లేక ఉత్తగా వెలిగితే చట్టిలోకి, కూరకు. ఏ గుడ్డునూ రెండోసారి చూడదు.

ఒక ఏడు ఆమె సొంత గుడ్లకే చిక్కొచ్చింది. వాటిని పొదుగుతున్న నల్లకోడి, కోడిపిల్లలు బయటపడే గడువు దాటగానే పని అయిపోయిందనుకుని పెంటకుప్ప మీదికి పోయింది. బాతుపిల్లకు ఇంకో వారం కావాలని దానికేం తెలుసు? “కోడే వద్దనుకునింది. ఇంగేముండాది, పారేయ్,” అన్నాడు భర్త డేవిడ్. “గుడ్లు ఇంగా వెచ్చగుండాయి. నువ్వు ముందు దాన్ని పట్టుకోని రా,” అంది ఎస్తేరమ్మ. అతను తెచ్చిన కోడిని చంకలో ఇరికించుకుని, ఒక గుడ్డును ఎండకు ఎత్తింది. నల్లగా నిండిన గుడ్డులో, ఓ అంచున నీడ కదిలింది. ఎస్తేరమ్మ కోడి తలను అటు తిప్పి, “చూసుకో. ఇంతదాకా కూచునింది నువ్వే కదా,” అంది. “కోడికేం అర్థమైతాది?” అన్నాడు డేవిడ్. ఆమె కోడిని గంపలోకి దించింది. అది కాళ్లు సర్దుకుని, గుడ్లన్నిటి మీదా రెక్కలు పరిచింది. ఎస్తేరమ్మ మొగుడి వైపు ఒక చూపు చూసింది. ఆ తర్వాత కోడి మీద ఇంకో గంప బోర్లించి, పైన తిరగలి రాయి పెట్టింది.