చీకట్లో పాడిన పద్యం

రండమ్మా, ఇలా దగ్గరగా జరిగి కూర్చోండి. నిన్న సాయంత్రం ఇక్కడ అమెరికాలో, మా నోవై ఊరి ఇంట్లో ఈ ఏడాదికి మొదటిసారి హీటరు వేశాం. వేసవంతా గొట్టాల్లో పేరుకున్న దుమ్ము కాలి ఇల్లంతా మాడు వాసన కమ్ముకుంది. మా ఆయన ముక్కు మూసుకుని కిటికీ తీయబోతే నేనే వద్దన్నాను. పాత ప్రొజెక్టరు వెనక నిలబడితే ముఖానికి కొట్టే వేడిగాలిది అచ్చం అదే వాసన. అది తగిలితే నాకు సూర్యం బాబాయిగారు గుర్తుకొస్తారు. మీరు ఆయన్ని చూసి ఉండరు. అందుకే చెబుతాను, వినండి.

అప్పటికి నేను ఈ దేశం వచ్చి ఎంతో కాలం కాలేదు. మా ఆయన హోటల్లో వంట మాస్టరు. నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని, తెలుగే కూడబలుక్కుని చదువుతాను. ఎవరు పలకరించినా నవ్వి ఊరుకోవడం అలవాటైపోయింది. బాబాయిగారు మా పక్కింటి శైలజ తండ్రి. తెనాలి వైపు మనిషి. ఉద్యోగం చేసింది రైల్వేలో, ప్రాణం మాత్రం పద్యనాటకంలో. ఏటా కొన్నాళ్లు కూతురి దగ్గర ఉండేవారు. చిటికెడు ఉప్పు కోసం వచ్చినా మా గుమ్మంలో దర్బారుకి వచ్చినట్టే నిలబడేవారు.

ఆ ఏడు ఇక్కడి తెలుగువాళ్ల దీపావళి వేడుకలో నాటకం వేస్తానని ఆయన కమిటీని అడిగారు. వాళ్లు మొహమాటంగానే ఒప్పుకున్నారు. "అంకుల్, పద్యాలు ఇప్పుడు ఎవరు వింటారండీ? సరే, ఈసారి ట్రై చేద్దాం. జనం కూర్చుంటే నెక్స్ట్ ఇయర్ కూడా స్లాట్ ఇస్తాం. లేచిపోతే మాత్రం ఇక అడగకూడదు" అన్నారట. ఆయన అదే మాట నాకు చెప్పి, "చూశావా కనకం, నాటకానికి ఇదే ఆఖరి అవకాశం" అన్నారు.

రాజ్యం పోగొట్టుకుని అడవి పట్టిన ఒక రాజు కథ ఆయనే రాసుకున్నారు. కిరీటం అట్టతో చేశారు. మరి తెరల సంగతో? ఒకటి రాజభవనం, ఒకటి అడవి కావాలి. బొమ్మలు రాసిన తెరలు ఇక్కడెక్కడ దొరుకుతాయి? "ప్రొజెక్టర్ ఉంటే చాలు నాన్నా, ఏ బొమ్మ కావాలంటే ఆ బొమ్మ పడుతుంది. కొత్తది కాస్ట్లీ, యూజ్డ్‌ది చూద్దాం" అంది శైలజ. ఆన్‌లైన్‌లో వెతికి, రిటైరైన ఒక తెల్లాయన గరాజ్‌కి మమ్మల్ని కారులో తీసుకెళ్లింది. ఆయన మిషన్ వేసి గోడ మీద వెలుగు చూపిస్తుంటే బాబాయిగారు గోడకేసి చూడనే లేదు. వంగి, దానికి చెవి ఆనించి కళ్లు మూసుకున్నారు.

"మద్దెల కొంటున్నావా నాన్నా?" అంది శైలజ.

"ఫ్యాను మోత వింటున్నానే. పర్లేదు, నా గొంతు దీనికంటే పెద్దదే. తీసుకో."

ఇంటికొచ్చాక చూస్తే మెనూ అంతా జర్మన్. తెల్లాయన పనిచేసింది జర్మనీ వాళ్ల కార్ల కంపెనీలోనట. శైలజ నొక్కీ నొక్కీ విసిగిపోయింది. "భాష మార్చే ఆప్షన్ కూడా ఆ భాషలోనే ఎక్కడో దాక్కుంది" అంది. బాబాయిగారు పకపకా నవ్వారు. "అయితే దీని ముందు నువ్వూ నేనూ కనకమూ అందరం ఒకే బెంచీ."

ముందు నుంచి వెలుగు వేస్తే రాజభవనం స్తంభం సరిగ్గా ఆయన ముక్కు మీద లేచింది. "రాజుగారికి తొండం వచ్చింది బాబాయిగారూ" అన్నాను. అందుకని తెల్లటి పంచెలు కలిపి కుట్టి తెర కట్టాం, ప్రొజెక్టరును దాని వెనక పెట్టాం. ఈసారి ముక్కు బాగుపడింది గానీ నాటకం పేరు తిరగబడింది. అద్దంలో చూసినట్టు తెలుగు అక్షరాలన్నీ అటు తిరిగి కూర్చున్నాయి. వాటిని సరిచేసే దారి ఆ జర్మన్ మెనూలోనే ఎక్కడో ఉండాలి.

బాబాయిగారు రిమోట్ తెచ్చి నా చేతిలో పెట్టారు. "నాకు చదువు రాదు కదండీ" అన్నాను.

"ముగ్గేసేటప్పుడు చుక్కల్ని చదువుతావా? చెయ్యి దారి పట్టుకుని పోతుంది కదా. ఇదీ అంతే, పో."

ముగ్గనుకుని వెళ్లాను. దారి మూసుకుపోతే వెనక్కి వచ్చాను, మూసుకున్న దారిని మళ్లీ తొక్కలేదు. కిందికి, పక్కకి, మళ్లీ కిందికి. ఉన్నట్టుండి అక్షరాలు మనవైపు తిరిగాయి. శైలజ చప్పట్లు కొట్టింది. బాబాయిగారు మాత్రం తీర్పు చెప్పినట్టు, "ఇక దీన్ని ఎవరూ ముట్టుకోవద్దు. తెర కనకానిది" అన్నారు. అంతకుముందు, ఫలానాది కనకానిది అని ఎవరూ అనలేదు.

పండగ రోజు స్కూల్ హాలు నిండిపోయింది. రాజభవనం దృశ్యం చల్లగా గడిచింది. అడవికి మారేలోగా సింహాసనం లోపలికి మోసుకొస్తున్నవాళ్ల కాలికి తగిలి ప్రొజెక్టరు తీగ ఊడింది. తెర మీద వెలుగు పోయింది. నేను మళ్లీ తగిలించాను. ఫ్యాను తిరిగింది, పసుపు దీపం మిణుకుమిణుకుమంది, బల్బు వెలగలేదు. వేడెక్కిన బల్బు చల్లారితే గానీ వెలగదు.

తెరకి అవతల నుంచి బాబాయిగారి గొంతు మెల్లగా వినిపించింది. "ఏమైందే?"

"చల్లారాలి బాబాయిగారూ."

"చల్లారనీ" అని, ఆ చీకట్లోనే అడవిలో రాజు పాడే పద్యం ఎత్తుకున్నారు. ఎక్కడో కుర్చీలు కదిలాయి, ఎవరో లేస్తున్నారు. పద్యం చివరికొచ్చింది. బల్బు ఇంకా రాలేదు. ఇప్పుడు హాలు మౌనంగా ఉంటే నాటకం అయిపోయినట్టే. మన వైపు పద్యం నచ్చితే జనం వన్స్ మోర్ అంటారనీ, అన్నాక నటుడు మొదటి నుంచీ పాడి తీరాలనీ రిహార్సల్లో ఆయనే చెప్పారు. నోవైలో ఆ మాట అనేవాళ్లెవరు?

"వన్స్ మోర్!"

ఆ గొంతు నాదే. పలకరిస్తే నవ్వి ఊరుకునేదాని గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. ఒక్క క్షణం తర్వాత హాలు మధ్య నుంచి ఎవరో పెద్దాయన అందుకున్నారు, "వన్స్ మోర్!" పిల్లల దగ్గరికి వచ్చి ఉన్న అమ్మలూ నాన్నలూ వరసగా అందుకున్నారు. బాబాయిగారు నవ్వుతూనే మళ్లీ ఎత్తుకున్నారు, ఈసారి ఇంకో మెట్టు పైనుంచి. రాగం సాగుతుండగా బల్బు వెలిగి, ఆయన వెనక చెట్లన్నీ ఒక్కసారిగా లేచాయి. కావాలని చేశామనుకున్నారేమో, హాలు చప్పట్లతో దద్దరిల్లింది. మూడోసారి వన్స్ మోర్ అన్నది ఎవరనుకున్నారు? కమిటీ వాళ్లే. ఆ మరుసటి ఏడు మాకు స్లాట్ వాళ్లే ఫోన్ చేసి ఇచ్చారు.

నాటకం అయ్యాక ఆయన నన్ను స్టేజీ మీదికి పిలిచి, మైకులో "తెర, కనకం" అని ప్రకటించారు. కారులో ఇంటికి వస్తూ, "మొదటి గొంతు ఎవరిదో నాకు తెలుసులే. మళ్లీ పాడమని అడిగే మనిషి ఒక్కరుంటే చాలమ్మాయ్, మిగతా జనం వెనకాలే వస్తారు" అన్నారు.

బాబాయిగారు ఇప్పుడు లేరు. ఆయన ఇచ్చిన ఆ మొదటి గొంతు నా దగ్గరే ఉంది. కొత్తగా ఈ దేశం వచ్చిన ఏ ఇంటి కోడలైనా షాపులో ఇంగ్లీషు తడబడి ఆగిపోయినా, పండగలో చిన్నపిల్ల పాట సగంలో మరచి బిక్కమొహం వేసినా, నేను లేచి నిలబడి గట్టిగా "మళ్లీ, మొదటి నుంచీ" అంటాను. చాలాసార్లు వాళ్లు రెండోసారి బాగా చెబుతారు.

మీరూ చల్లగా ఉండాలి. మీ ఇంట్లో పుట్టిన ప్రతి మాటకీ వినే చెవి దొరకాలి. మీ పిల్లలు ఎక్కడ తడబడినా అక్కడ మళ్లీ అనమనే మనిషి ఉండాలి. మీ పొయ్యి మీద అన్నం, మీ గడపలో నవ్వు ఎప్పుడూ తరగకుండా ఉండుగాక.