వాడికి అమ్మ... నాకు ఆయమ్మ

చిన్నప్పుడు మా అమ్మను నేను ‘ఆయమ్మా’ అని పిలిచేదాన్ని... ఇంట్లో కాదు, బడి కాంపౌండులో. అది మా అమ్మ పెట్టిన నియమమే. "ఈడ నేను అందరికీ ఆయమ్మనే మే. నీకొక్కదానికి అమ్మనయితే హాస్టలు పిల్లోళ్ళు ఏమనుకుంటారు?" అనేది.

సరే అనుకున్నాను. కానీ అదే కాంపౌండులో ఒకడు మాత్రం ఆమెను ‘అమ్మా’ అనే పిలిచేవాడు. వాడికి ఏ నియమమూ లేదు.

విడవలూరు అవతల, సముద్రపు హోరు వినిపించేంత దూరంలో మా మిషన్ బడి. అరవైల మొదటి మాట... ఇంగ్లీషు చెప్పడానికి పై దేశం నుంచి ఒక దొరసానమ్మ వచ్చింది, నెలల బిడ్డతో. బిడ్డ పేరు దావీదు. ఆమె క్లాసులో ఉన్నంతసేపూ వాణ్ణి ఎత్తుకోవడానికి, హాస్టల్లో ఆయాగా ఉన్న మా అమ్మ రూతమ్మను పెట్టుకున్నారు. వాడికి మాటలొచ్చింది మా అమ్మ చంకలోనే. కన్నతల్లిని ‘మమ్మీ’ అనేవాడు. మా అమ్మ కొంగు పట్టుకుని ‘అమ్మా, ఆకలయితాంది’ అనేవాడు, అచ్చం మా వాడకట్టు పిల్లవాడిలాగే.

వాడికి వేడన్నంలో నెయ్యి కలిపి, కాకుల్ని చూపించి, గోరుముద్దలు... నాకు ఇంట్లో అవ్వ పెట్టే చద్దన్నం. తినకపోతే "మాడు" అనేది అవ్వ. ఇక కాకులెక్కడ?

కుళ్ళుకున్నాను. చిన్నపిల్ల కదా అని ఎవరూ సర్దిచెప్పక్కర్లేదు. ఆ కుళ్ళుకు నేను ఇప్పటికీ సిగ్గుపడను.

వాడికి నాలుగేళ్ళు నిండాక, దొరసానమ్మ ఇక తమ దేశం వెళ్ళిపోతుందని తెలిసింది. బడంతా ఏడుపు మొహాలు. నాకు మాత్రం కాలు నేల మీద నిలవలేదు. వాడు పోతాడు! మా అమ్మ చంక ఖాళీ అవుతుంది!

బయలుదేరే రోజు పొద్దున్నే మా అమ్మ వాణ్ణి వంటగది వెనక్కి తీసుకుపోయింది. చాటుగా ఎందుకంటే, దిష్టి తీయడం సైతాను పని అని ప్రతి ఆదివారం పాస్టరు అయ్యగారు గుడిలో గట్టిగా చెప్పేవారు. గుప్పిట్లో రాళ్ళుప్పు, ఎండుమిరపకాయలు... వాడి తల చుట్టూ తిప్పుతూ గొణుగుతోంది. "వొచ్చినోళ్ళ దిష్టి, పోయినోళ్ళ దిష్టి, చూసినోళ్ళ దిష్టి, చూడనట్టు చూసినోళ్ళ దిష్టి..."

గోడ పక్కన నిలబడి చూడనట్టు చూస్తున్నది నేనే.

అంతలో దొరసానమ్మ వచ్చింది. "రూతమ్మా, ఇది ఏమి?" ఆమె తెలుగు బైబిలు తెలుగు.

"ఏం లేదమ్మగారూ... ఊరంతా బాబునే చూస్తాండారు. దూరం పైనం గదా."

ఆమెకు భలే ముచ్చటేసింది. లోపలికి పరుగెత్తి కెమెరా తెచ్చింది. "ఇంకొకసారి త్రిప్పుము!" అంది. మా అమ్మ మళ్ళీ తిప్పింది. "సుగుణా, నీవు కొంచెము జరుగుము. నీ నీడ పడుచున్నది."

జరిగాను.

వాడి చేత మూడుసార్లు ఉమ్మించి, మిరపకాయలు పొయ్యిలో వేసింది. ఘాటే రాలేదు! ఘాటు రాకపోతే దిష్టి తగిలినట్టు లెక్క. "అమ్మో, బిడ్డకెంత దిష్టి! ఎవురి కండ్లో ఏమో!" అని మా అమ్మ బుగ్గలు నొక్కుకుంది.

జీపు దగ్గర మమ్మల్ని వరసగా నిలబెట్టి వీడ్కోలు కీర్తన పాడించారు. గొంతు చించుకుని పాడాను. దొరసానమ్మ నా నెత్తి నిమిరి, "మంచి పిల్లవు, నీకు నా యెడల ఎంత ప్రేమ" అని కళ్ళు తుడుచుకుంది. దావీదు మా అమ్మ మెడ వదలలేదు. "అమ్మా, నేను పోను... అమ్మా..." ఒక్కొక్క వేలూ విడదీసి లాక్కోవలసి వచ్చింది. జీపు కదిలింది. సరుగుడు తోపుదాకా మా అమ్మ దాని వెనకే పరుగెత్తింది. మా అమ్మ పరుగెత్తగలదని నాకు అప్పటిదాకా తెలియదు.

సాయంత్రం ఇంట్లో అడిగాను. "నాక్కూడా దిష్టి తియ్యి."

"నీకెవురి దిష్టి తగులుద్ది మే? నిన్నెవురు చూస్తారు?" అంది నవ్వుతూ. అంతలోనే నవ్వు మాని, లేచి ఉప్పూ మిరపకాయలూ తీసుకుంది. మూడుసార్లు తిప్పింది. దాలి నిప్పుల్లో వేసింది.

ఘాటు నషాళానికంటింది! అవ్వ దగ్గుతూ వాకిట్లోకి పోయింది. అంటే నాకు దిష్టి లేదు... ఒక్క కన్ను కూడా నా మీద పడలేదన్నమాట. మా అమ్మ కళ్ళు ఒత్తుకుంటూనే ఉంది. అది మిరపకాయల ఘాటుకో, వాడి కోసమో, నా కోసమో... అడగలేదు.

మర్నాడు బడిలో, ఇక అడ్డెవరూ లేరన్న ధైర్యంతో, నియమం తప్పి "అమ్మా!" అని కేకేశాను. ఆమె చటుక్కున లేచింది. నా వైపు కాదు... జీపు పోయిన దారివైపు తిరిగింది.

ఆనాటి దొరసానుల ప్రేమ గురించి ఈ గ్రూపులో చాలామంది రాస్తుంటారు. ప్రేమ లేదని నేననను. నాకు ఇంగ్లీషు అక్షరాలు దిద్దించింది ఆమే. కానీ ఒకరి బిడ్డకు ఇద్దరు తల్లులు దొరికితే, ఇంకొకరి బిడ్డ వాటా ఎక్కడో తెగుతుంది. ఆ మాట కూడా ఎవరో ఒకరు రాయాలి కదా? ఆమె తీసిన ఫోటోలో మా అమ్మ ఉంది, వాడున్నాడు. నా నీడ కూడా లేదు.

ఇప్పుడా బడి లేదు. సరుగుడు తోపుల చోట రొయ్యల చెరువులు. ఆయమ్మ అనే మాట కూడా పోయింది, కేర్‌టేకర్ అంటున్నారు... మారింది పిలుపే.

"మా ఆయమ్మ మమ్మల్ని సొంత బిడ్డల్లా చూసుకునేది" అని మీలో చాలామంది చెప్తారు. చూసుకునే ఉంటుంది. కింద కామెంట్లలో రాయండి, చదువుతాను... ఆ సొంత బిడ్డల పేర్లు కూడా రాయండి. గుర్తుంటే.