మెట్లు దిగిన పాఠం

సునామీ వెనక్కి వెళ్లిన ఆ రోజుల్లో మెయిన్‌లాండ్ ఓడల్లోంచి మా పోర్ట్ బ్లెయిర్‌లో సిమెంటు దిగేది, సలహాలు దిగేవి. అలా దిగిందే డిజిటల్ చదువు కూడా. బట్టల కొట్టులో పెరిగిన నేను అప్పుడు కాలేజీలో ఇస్లామీ సంస్కృతి చెప్పే కాంట్రాక్టు లెక్చరర్ని. (ఆ పేపరు ఎవరూ ముట్టుకోకపోతే, "నేను చెప్తా, ఇంకో ఏడాది ఉంచండి" అని బేరమాడి తెచ్చుకున్నాను.) నేను తడబడితే పిల్లలే సర్దేవాళ్లు.

ఒకరోజు ప్రిన్సిపాల్‌గారు నా క్లాసులో తెర పెట్టించారు. నెట్ అందక తెర మీద చక్రం తిరిగి తిరిగి, పాలరాతి సమాధి ఒకటి సగం తేలి ఆగిపోయింది. మెయిన్‌లాండ్‌లో ఎక్కడో కూర్చున్న గొంతు "ముస్లింలు ఇలా ఉండేవారు" అంటోంది. ఉండేవారట! ముందు బెంచీలోంచి, రోజూ ఫెర్రీలో ఇవతలికొచ్చే బాంబూఫ్లాట్ అమ్మాయి లేచింది. "సర్, సునామీ రోజు మా నానీ, మా అమ్మమ్మ, అక్కడి మసీదు పక్క వరండాలో వచ్చినోళ్లందరికీ గంజి కాచింది. నువ్వెవరని ఎవర్నీ అడగలేదు. అది కల్చర్ కాదా?" తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది.

నాకు ఒళ్లు మండిపోయింది. తిన్నగా ప్రిన్సిపాల్ గదికి వెళ్లాను. "పిల్లల్ని బాంబూఫ్లాట్ తీసుకెళ్తాను సర్. పాఠం అక్కడుంది."

"అరే భయ్యా, వీడియో ఉంది కదా! అది సెలవులడగదు, నీలా వాదించదు."

"అయితే ఆ డబ్బానే పెట్టుకోండి. నేను పోతున్నా!"

మా కొట్టులో రోజూ చూసిన ఎత్తు అది. ధర కుదరకపోతే విసురుగా మెట్లు దిగుతారు. చివరి మెట్టు రాకముందే నాన్న వెనక్కి పిలుస్తాడు. నేనూ దిగాను. ఆగి చెప్పు సర్దుకున్నాను. (రెండోదీ సర్దుకున్నాను.) గేటు దగ్గర వాన వస్తుందేమోనన్నట్టు ఆకాశం కేసి చూశాను. ఎవరూ పిలవలేదు.

నాన్న అంతా విని తల పట్టుకున్నాడు. "ఒరే, మెట్లు దిగీవోడు కొనీవోడ్రా! అమ్మీవోడే దిగిపోతే ఎనక్కి పిలిచీదెవుడు?"

ఆదివారం ఆ అమ్మాయి క్లాసు మొత్తాన్నీ మా కొట్టు ముందు నిలబెట్టింది. "చలియే సర్, ఫెర్రీ వెళ్లిపోద్ది." వెళ్లాం. వరండాలో నానీ పాఠమేమీ చెప్పలేదు. నన్ను చూసి, "నౌక్రీ పోయిందట. ఖానా ఖాయా, బేటా? తిన్నావా?" అంటూ గంజి గిన్నె చేతికిచ్చింది. బేరమాడకుండా నేను పుచ్చుకున్నది ఆ గిన్నెడు గంజి ఒక్కటే.

ఇప్పుడు మా దీవుల్లోనూ నెట్ పరుగెడుతోంది. ఆ గొంతు మాత్రం ఇంకా "ఉండేవారు" అనే అంటోంది, నాకింకా మండుతూనే ఉంది. కోపంగా ఏ గదిలోంచి లేచి వచ్చినా, గుమ్మం దగ్గర కాసేపు చెప్పులు సర్దుకుంటాను. రెండూ.